ఆధారం కనిపించకపోతే దేవుడు లేనట్లేనా?



వార్షిక సంచిక అనగానే జకాత్ లెక్కలు, విద్యా సహాయం వివరాలు, ధన్యవాదాలు ఉంటాయని మీరు ఎదురుచూస్తారు. అవి తమ చోట ఉన్నాయి. ఈ వ్యాసంలో మాత్రం మన ఇళ్లలో పిల్లలు అడుగుతున్న ఒక ప్రశ్నను తీసుకుంటున్నాము. తిరువూరు నుంచి విజయవాడకో హైదరాబాదుకో వెళ్లి ఇంజనీరింగ్, డిగ్రీ చదువుతున్న పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అడుగుతున్న ప్రశ్న ఇది: "దేవుడు ఉన్నాడనడానికి ఆధారం ఏది? ఆధారం లేనిదాన్ని నమ్మకూడదని మీరే చెబుతారు కదా?"

ఈ ప్రశ్న విన్న తండ్రి కోప్పడతాడు. తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది. పిల్లవాడు నోరు మూసుకుంటాడు. మాట ఆగింది గనుక ప్రశ్న తీరిందని పెద్దలు అనుకుంటారు, కానీ అది లోపల అలాగే ఉంటుంది. ఆ పిల్లవాడి చదువుకు సాయం చేస్తున్న సంఘానికీ ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. సందేహపడేవాడికి సాయం కొనసాగించాలా, ఆపాలా? దాతల సొమ్ముతో నడిచే సంఘం దీనికి సమాధానం చెప్పగలగాలి. అందుకే ఈ విషయాన్ని నింపాదిగా, ఎవరినీ తక్కువ చేయకుండా పరిశీలిద్దాం.

మన జిల్లాలోనే వినిపించిన గొంతు

నాస్తికత్వం ఎక్కడో ఐరోపాలో పుట్టి సెల్‌ఫోన్ ద్వారా మన పిల్లలకు చేరిందని చాలామంది అనుకుంటారు. కానీ ఈ దేశంలో దాన్ని గట్టిగా వినిపించిన గొంతుల్లో ఒకటి అప్పటి మన కృష్ణా జిల్లాదే. ఆయన గోపరాజు రామచంద్రరావు గారు. లోకం ఆయనను గోరా అని పిలిచింది. 1902లో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి అధ్యాపకులయ్యారు. నాస్తిక భావాల వల్ల కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీలో పనిచేసి, 1940లో ఉద్యోగం వదిలి ముదునూరు గ్రామంలో నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. తిరువూరు బస్టాండులో ఎక్కితే ఎ.కొండూరు, మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా మనం వెళ్లే ఆ విజయవాడలోనే 1972లో ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది.

గోరా గారి భార్య సరస్వతి గారు కూడా ఆయనకు తోడుగా నిలిచారు. గర్భిణులు గ్రహణం చూస్తే బిడ్డకు అంగవైకల్యం వస్తుందని ఊరంతా నమ్మే రోజుల్లో, ఆమె గర్భవతిగా ఉండి గ్రహణాన్ని చూశారు. నిప్పుల మీద నడవడం దైవశక్తి కాదని ఆ కేంద్రం వారు బహిరంగంగా నడిచి చూపించారు.

గోరా గారు 1930లో గాంధీజీకి ఉత్తరం రాసి, దేవుడు అనే మాటకు అర్థం ఏమిటని అడిగారు. దేవుడు మనిషి ఊహకు అందనివాడన్న భావంతో గాంధీజీ జవాబు ఇచ్చారు. ఆ జవాబు గోరా గారికి సరిపోలేదు. 1944 చివర్లో సేవాగ్రామ్ వెళ్లి ముఖాముఖి చర్చించారు. ఇద్దరిలో ఎవరూ తమ అభిప్రాయం మార్చుకోలేదు. అయినా తన ఆస్తికత్వమే సరైనదని గాని, గోరా నాస్తికత్వం తప్పని గాని గాంధీజీ తీర్పు చెప్పలేదు. ఇద్దరం సత్యాన్వేషకులమే అన్నట్టు మాట్లాడారు. గోరా గారు తమ పెద్ద కుమార్తెను ఒక దళిత యువకుడికి ఇచ్చి పెళ్లి చేయదలచినప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రామ్ ఆశ్రమంలో జరిపించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం అనే మాట పెట్టడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరిలో గాంధీజీ హత్య జరిగింది. ఆ తర్వాత అదే సంవత్సరం ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిగింది. ఈ సంభాషణలన్నిటినీ గోరా గారు 1951లో పుస్తకంగా ప్రచురించారు.

రోజుకు ఎన్నోసార్లు దైవనామం తలచే ఒక మనిషి, దేవుడే లేడనే మరో మనిషితో ఇంత మర్యాదగా మాట్లాడగలిగాడు. ఇక అసలు ప్రశ్నకు వద్దాం.

ఆధారం లేకపోవడం ఎప్పుడు సాక్ష్యం అవుతుంది?

మన ఊరి మామిడి తోట ఒకటి తీసుకుందాం. "తోటలో ఏనుగు ఉంది" అని ఎవరో అన్నారు. మనం తోటంతా తిరిగాం. ఏనుగు లేదు, అడుగుల గుర్తులు లేవు, విరిగిన కొమ్మ లేదు, పేడ లేదు. అప్పుడు "ఏనుగు లేదు" అని నిశ్చింతగా చెప్పవచ్చు. ఎందుకంటే ఏనుగు ఉంటే ఈ గుర్తులు తప్పకుండా ఉండాలి.

అదే తోట గురించి మరొకరు "పూతలో తేనెమంచు పురుగు గుడ్లు ఉన్నాయి" అన్నారు. మనం గట్టు మీద నిలబడి చూశాం. ఒక్క గుడ్డు కూడా కనిపించలేదు. ఇప్పుడు "గుడ్లు లేవు" అనవచ్చా? అనలేం. గుడ్లు పూత కాడల లోపల ఉంటాయి. గట్టు మీద నుంచి కనిపించడం వాటి స్వభావం కాదు.

రెండు చోట్లా మనకు ఆధారం దొరకలేదు. అయినా ఒకచోట అది గట్టి సాక్ష్యం, మరోచోట ఏమీ కాదు. తేడా ఎక్కడుంది? రెండు విషయాల్లో ఉంది. మొదటిది, ఆ వస్తువు ఉంటే ఫలానా గుర్తు కనిపించి తీరాలి అని చెప్పగలగాలి. రెండవది, ఆ గుర్తును సరైన చోట, సరైన సాధనంతో వెతికి ఉండాలి. ఈ రెండూ ఉన్నప్పుడే "కనిపించలేదు" అనే మాట నుంచి "లేదు" అనే మాటకు వెళ్లగలం.

ఇది మన రాష్ట్రంలోనే జరిగిన సంగతులతో తేటపడుతుంది. కలివి కోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరి లెక్కల్లోనూ కనిపించలేదు. పక్షి శాస్త్రజ్ఞులు వెతికారు, దొరకలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర అది మళ్లీ దొరికింది. 86 ఏళ్లు ఆధారం లేదు, కానీ పక్షి ఉంది! అది రాత్రిపూట తిరిగే పక్షి. ముళ్లపొదల మధ్య బతికే పక్షి. పగటిపూట వెతికినవారికి అది చిక్కలేదు. చివరకు దాన్ని పట్టి చూపినవారు ఆ అడవిని ఎరిగిన స్థానికులు.

మరో ఉదాహరణ గుంటూరుది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని రంగులుగా విడదీసి చూశారు. అందులో ఒక పసుపు గీత ఉంది. భూమి మీద ఎరిగిన ఏ పదార్థానికీ అది సరిపోలేదు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ కూడా ఆ గీతను చూసి, ఇది కొత్త మూలకమని అన్నాడు. దానికే సూర్యుడి పేరు మీద హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద చిటికెడు హీలియం కూడా ఎవరి చేతికీ దొరకలేదు. చాలామంది సందేహించారు. 1895లో రామ్‌జే అనే శాస్త్రజ్ఞుడు ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని వెలికితీశాడు. మధ్యలో 27 ఏళ్లు గడిచాయి. ఆ 27 ఏళ్లూ ఉన్నది పసుపు గీత ఒక్కటే, అంటే సూచన మాత్రమే.

ఇంతవరకు విని విశ్వాసులు సంతోషపడితే, మూడో ఉదాహరణ కూడా వినాలి. 1846లో ఫ్రెంచి గణితజ్ఞుడు లెవెరియే, యురేనస్ గమనంలో తేడా చూసి, దాని అవతల మరో గ్రహం ఉండాలని లెక్క కట్టాడు. ఆ లెక్క పట్టుకుని బెర్లిన్‌లో వెతికితే నెప్ట్యూన్ దొరికింది. అదే గణితజ్ఞుడు 1859లో బుధుడి గమనంలో తేడా చూసి, సూర్యుడికి దగ్గరగా ఇంకో గ్రహం ఉందన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. దశాబ్దాల పాటు గ్రహణం వచ్చినప్పుడల్లా వెతికారు. దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం బుధుడి గమనాన్ని ఏ కొత్త గ్రహమూ అవసరం లేకుండా వివరించింది. వల్కన్ లేదు. అక్కడ ఆధారం లేకపోవడమే సరైన సాక్ష్యం అయింది. ఎందుకంటే అక్కడ గ్రహం ఉంటే ఆ దుర్భిణీలకు చిక్కి ఉండాలి.

కాబట్టి "ఆధారం లేదు గనుక లేదు" అనేది ఎప్పుడూ నిజమైన సూత్రం కాదు. "ఆధారం లేకపోయినా ఉండవచ్చు" అనేది ఎప్పుడూ సరిపోయే సాకు కూడా కాదు. విషయాన్ని బట్టి చూడాలి.

మనం ఒప్పుకోవలసినది

ఈ కొలతతో చూస్తే గోరా దంపతులు చేసిన పనిలో ఎక్కువ భాగాన్ని మనం సంతోషంగా ఒప్పుకోవాలి. గ్రహణం చూస్తే బిడ్డకు లోపం వస్తుందనే మాట పరీక్షకు నిలబడవలసిన మాట. అది నిజమైతే ఫలితం కంటికి కనిపించాలి. కనిపించలేదు. మాట అబద్ధం. నీళ్లలో ఊదితే కామెర్లు తగ్గుతాయని, డబ్బు తీసుకుని కట్టిన తావీజు పరీక్షలో పాస్ చేయిస్తుందని, ఫలానా బాబా తాకితే సంతానం కలుగుతుందని చెప్పేవారి మాటలూ ఇలాంటివే. వీటికి ఆధారం అడగడం ఈమాన్‌కు లోటు కాదు. దేవుడి పేరు చెప్పి పేదల దగ్గర డబ్బు గుంజేవాళ్లను నాస్తికుడు ఎదిరిస్తే, ఆ పనిలో అతడు మనకు మిత్రుడే.

మరి దేవుడి విషయం ఎలాంటిది? ఏనుగు లాంటిదా, పురుగు గుడ్డు లాంటిదా? ఇస్లాం చెప్పే అల్లాహ్ ఈ విశ్వంలో ఒక మూల ఉన్న వస్తువు కాడు. నెప్ట్యూన్ లాగా దుర్భిణీకి చిక్కేవాడు కాడు. దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) గాథ మనకు తెలుసు. నక్షత్రాన్ని చూశారు, చంద్రుణ్ణి చూశారు, సూర్యుణ్ణి చూశారు. ఒక్కొక్కటీ అస్తమించింది. ఉదయించి అస్తమించేది దేవుడు కాదని, వీటన్నిటినీ పుట్టించినవాడివైపు ముఖం తిప్పుకున్నారు. ఈ గాథలో ఒక తర్కం ఉంది. విశ్వంలో వెతికి "ఇదిగో దేవుడు" అని చూపగలిగే వస్తువు ఏదైనా ఉంటే, తౌహీద్ ప్రకారం అది దేవుడు కాదు. కాబట్టి ఆకాశంలో వెతికాం, కనిపించలేదు అనే మాట దేవుడు లేడని నిరూపించదు. ఇస్లాం కూడా ఆయన అక్కడ వస్తువులా కనిపిస్తాడని చెప్పలేదు.

అయితే ఏ ఆధారమూ అడగకుండా నమ్మమని ఖుర్ఆన్ చెప్పిందా? చెప్పలేదు. అది పదే పదే ఆయాత్ అనే మాట వాడుతుంది. ఆ మాటకు సూచనలు, నిదర్శనాలు అని అర్థం. రాత్రి పగలు మారడం, చచ్చిన నేల వానకు బతకడం, మనుషుల భాషలు రంగులు వేరువేరుగా ఉండడం, వీటిని చూసి ఆలోచించమంటుంది. నిరూపణ వేరు, సూచన వేరు. గుంటూరులో కనిపించిన పసుపు గీత సూచన. సీసాలోకి పట్టిన వాయువు నిరూపణ. దేవుడి విషయంలో మన చేతిలో ఉన్నవి సూచనలే. వాటిని విడదీసి అర్థం చేసుకోవడానికి మన పెద్దలు ఎంతో శ్రమించారు. లోకంలో ప్రతిదీ ఉండవచ్చు, లేకపోనూవచ్చు, అలాంటి వాటి మొత్తానికి తప్పనిసరిగా ఉండే ఒక మూలం కావాలి కదా అని ఇబ్నె సీనా (980-1037) వాదించారు. మొదలైన ప్రతిదానికీ కారణం ఉంటుంది, లోకం మొదలైంది గనుక దానికీ కారణం ఉంది అని ఇమామ్ గజాలీ (1058-1111) వాదించారు. లోకం మనిషి జీవనానికి అనుకూలంగా అమరి ఉండడాన్నే చూపాలని ఇబ్నె రుష్ద్ (1126-1198) అన్నారు. ఈ వాదాలను అందరూ ఒప్పుకోలేదు. వీరే ఒకరినొకరు గట్టిగా ఖండించుకున్నారు. నాస్తిక పండితులు జవాబులు రాశారు, ఆ జవాబులకు ఆస్తికులు జవాబులు రాశారు.

కాబట్టి మన పిల్లవాడు "ఆధారమే లేదు" అంటే మనం చెప్పవలసింది ఇది: "నాయనా, ప్రయోగశాలలో చూపే ఆధారం లేదు, నిజమే. కాని సూచనలు ఉన్నాయి. వాటి బలం ఎంత అన్నదే అసలు వాదం. రెండు వైపులా తెలివైనవాళ్లు ఉన్నారు. రెండూ చదివి ఆలోచించు."

భారం ఎవరిది?

ఇక్కడ నాస్తికుడి వైపు నుంచి ఒక బలమైన మాట ఉంది. దాన్ని దాచిపెట్టి ముందుకు వెళ్లకూడదు. బ్రిటిష్ తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1952లో ఒక పోలిక చెప్పాడు. భూమికీ అంగారకుడికీ మధ్య ఒక చిన్న టీ కెటిల్ సూర్యుడి చుట్టూ తిరుగుతోందని, అది ఏ దుర్భిణీకీ కనిపించనంత చిన్నదని ఎవరైనా అంటే, లేదని ఎవరూ నిరూపించలేరు. అంతమాత్రాన నమ్మాలా? చెప్పినవాడే నిరూపించాలి కదా అని ఆయన భావం.

ఈ మాటలో సగం పూర్తిగా నిజం. "దేవుడు లేడని నువ్వు నిరూపించు చూద్దాం" అని పిల్లలను గద్దించే అలవాటు మనవాళ్లలో ఉంది. అది జవాబు కాదు. లేడని నిరూపించలేకపోవడం ఉన్నాడనడానికి రుజువు కాదు. ఆ దారిలో వెళితే ప్రతి దొంగ బాబా మాటనూ నమ్మవలసి వస్తుంది.

మిగతా సగంలో తేడా ఉంది. కెటిల్‌ను మనం నమ్మకపోవడానికి కారణం ఆధారం దొరకకపోవడం ఒక్కటే కాదు. కెటిల్ అంటే ఏమిటో, దాన్ని ఎవరు చేస్తారో, అక్కడికి ఎలా చేరాలో మనకు తెలుసు. ఎవరూ దాన్ని అక్కడికి పంపలేదనీ తెలుసు. అంటే లేదనడానికి మన దగ్గర విడిగా కారణాలు ఉన్నాయి. పైగా ఆ కెటిల్ ఉన్నా లేకున్నా లోకంలో దేనికీ వివరణ దొరకదు. దేవుడి ప్రశ్న అలాంటిది కాదు. అసలు లోకం ఎందుకు ఉంది, మంచిచెడులకు మూలం ఏమిటి అనే ప్రశ్నలకు అది ఒక జవాబు. ఆ జవాబు తప్పని ఎవరైనా వాదించవచ్చు. కెటిల్‌తో సమానం అనడం మాత్రం కొలత తప్పడమే.

సరే, ఆధారం సగం సగంగా ఉన్నప్పుడు నమ్మవచ్చా? దీనిపై ఇద్దరు పెద్దలు వాదించారు. 1877లో క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు ఒక ఓడ యజమాని కథ చెప్పాడు. ఓడ పాతబడిందని అనుమానం వచ్చినా, దైవం కాపాడుతుందిలే అని మనసుకు సర్ది చెప్పుకుని, ప్రయాణికులను ఎక్కించి పంపాడు. ఓడ మునిగింది. చాలని ఆధారంతో నమ్మడం నేరమే అని క్లిఫర్డ్ తీర్పు. 1896లో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ దీనికి జవాబిచ్చాడు. కొన్ని నిర్ణయాలను వాయిదా వేయడం కుదరదు, ఎదురుచూడడం కూడా ఒక నిర్ణయమే, ఆధారం తేల్చలేని అలాంటి చోట మనిషి మనసు పెట్టి ఎంచుకోవడం తప్పు కాదు అన్నాడు.

ఇద్దరి మాటా మనకు అవసరమే. ఓడ బలంగా ఉందా లేదా అన్నది పరీక్షించి తెలుసుకోదగిన విషయం. అలాంటి చోట నమ్మకాన్ని అడ్డం పెట్టుకోవడం పాపం. ఒంటెను కట్టేయాలా, దైవం మీద భారం వేయాలా అని అడిగిన మనిషికి, ముందు కట్టు, తర్వాత భారం వెయ్యి అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన ఉదంతం మనందరికీ తెలిసిందే. జేమ్స్ చెప్పినది పరీక్షకు అందని చోట మాత్రమే వర్తిస్తుంది. జీవితమంతా ఏ దిక్కుకు ముఖం పెట్టి బతకాలి అన్నది అలాంటి ప్రశ్న.

అన్నిటికంటే కష్టమైన మాట

ఇక నాస్తికుడి వాదాల్లో మా మనసుకు అన్నిటికంటే బరువుగా తోచేది చెబుతాము. దేవుడు దుర్భిణీకి చిక్కడు, సరే. కాని ఆయన అనంత కరుణామయుడని మీరే అంటారు. కరుణామయుడైతే, మనసారా వెతికేవాడికైనా తెలియాలి కదా? ఏడ్చి పిలిచినవాడికైనా జవాబు రావాలి కదా? కెనడా తత్త్వవేత్త షెలెన్‌బర్గ్ 1993లో ఈ వాదాన్ని విస్తారంగా రాశాడు. ఇది పైన చెప్పుకున్న కొలతకు నిలబడే వాదం. "కరుణ ఉంటే ఈ గుర్తు కనిపించాలి, కనిపించలేదు" అంటోంది.

ఇది పుస్తకాల్లోని మాట మాత్రమే కాదు. మన పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డ కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇంట్లో పిల్లవాడు దేవుడెక్కడ అని అడిగితే, అతడికి తర్కశాస్త్రం చెప్పి పంపలేం. "ఇది పరీక్ష" అని ఒక్క ముక్కలో తేల్చడం కూడా దయ కాదు.

మేము చెప్పగలిగింది కొంతే. కరుణ అంటే ఏ గుర్తు ఎప్పుడు కనిపించాలో నిర్ణయించేంత దూరం మన చూపు వెళుతుందా అన్నది ఒక మాట. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదేనని దశాబ్దాలుగా అందరూ ఒప్పుకున్న మాట లేదు. అయినా కారణమే లేదని ఏ వైద్యుడూ అనడు. లోతు తెలియనిచోట ఖాళీ అని తీర్మానించకూడదు. రెండో మాట, దేవుడు పూర్తిగా బయటపడి నిలబడితే మనిషి చేసే మంచి భయంతోనో లాభంతోనో చేసినదవుతుంది గాని ఎంచుకున్నది కాదు అని మన పండితులు, క్రైస్తవ పండితులు కూడా చెప్పారు. ఈ రెండు మాటలూ కొంత ఊరట ఇస్తాయి. ప్రశ్నను పూర్తిగా తీర్చేశాయని మేము అనము. విశ్వాసి ఆ ప్రశ్నను మోస్తూనే సజ్దా చేస్తాడు. అది విశ్వాసానికి అవమానం కాదు.

ఇమామ్ గజాలీయే దీనికి సాక్షి. బాగ్దాదు నిజామియ్యా విద్యాలయంలో ఆచార్య పదవిలో ఉన్న ఆ మహా పండితుడు 1095లో పదవి వదిలి వెళ్లిపోయారు. అంతకు ముందే తనను పట్టుకున్న సందేహం గురించి తన ఆత్మకథలో దాచకుండా రాశారు. కన్ను నక్షత్రాన్ని నాణెం అంత చూపిస్తుంది, లెక్క వేస్తే అది భూమికంటే పెద్దది, కన్ను మోసం చేస్తే బుద్ధి మాత్రం మోసం చేయదని నమ్మకమేమిటి అని ఆయన మథనపడ్డారు. రెండు నెలల పాటు ఆ స్థితి ఉందని, వాదాలతో కాక, అల్లాహ్ హృదయంలో వేసిన వెలుగుతో తేరుకున్నానని రాశారు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) కూడా చనిపోయినవారిని ఎలా లేపుతావో చూపమని అడిగారు. నమ్మకం లేక కాదు, మనసు కుదుటపడడానికి అని విన్నవించుకున్నారు. అల్లాహ్ ఆయనను కసరలేదు, చూపించాడు. ఆ ప్రశ్న అడిగిన ప్రవక్తను మనం గౌరవిస్తూ, అదే ప్రశ్న అడిగిన కొడుకును ఇంట్లోంచి గెంటేయడం ఏం న్యాయం?

మన సంఘానికి దీనితో ఏం పని?

మొదటిది సహాయం గురించి. జకాత్ సొమ్ముకు ఎనిమిది ఖాతాలను ఖుర్ఆనే నిర్ణయించింది. అది ముస్లిం హక్కుదారులకే చెందుతుందని అధిక సంఖ్యాక ఫుఖహాల మాట. దాని నియమాలను ఉలమాలను అడిగి అలాగే పాటించాలి. ఒక పిల్లవాడు ప్రశ్న అడిగినంత మాత్రాన, సందేహం చెప్పినంత మాత్రాన మతం విడిచాడని తీర్పు ఇచ్చే అధికారం ఏ కార్యవర్గానికీ లేదు. ఇక సదఖా తలుపు అందరికీ తెరిచి ఉంది. ముస్లిమేతరులైన బంధువులకు దానం చేయడానికి కొందరు వెనకాడినప్పుడు, వారిని సన్మార్గానికి తేవడం నీ బాధ్యత కాదు అనే భావంతో అల్ బఖరా సూరాలోని వాక్యం అవతరించిందని తఫ్సీర్ పండితులు చెబుతారు. ఆకలికి, ఫీజుకు, డయాలసిస్‌కు మతం అడగకూడదు. సాయంతో విశ్వాసాన్ని కొనలేం. ఫీజు కోసం నమ్మినట్టు నటించే పిల్లవాడిని తయారు చేస్తే, మనం కపటాన్ని పెంచినవాళ్లం అవుతాం.

రెండవది లెక్కల గురించి. దానానికి ప్రతిఫలం కంటికి కనిపించదు, దాత దాన్ని విశ్వాసంతో ఇస్తాడు. కాని దానం ఎక్కడికి చేరిందన్నది కంటికి కనిపించవలసిన విషయం. అది క్లిఫర్డ్ చెప్పిన ఓడ లాంటిది. రసీదు, పద్దు, ఆడిట్ అడగడం దాత హక్కు. "అల్లాహ్ చూస్తున్నాడు, లెక్కలెందుకు" అనే మాట ఏ సంఘం నోటా రాకూడదు. ఆధారం ఉండవలసిన చోట ఆధారం లేకపోతే నమ్మకూడదు. నాస్తికుడి సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మూడవది మన నడవడి. గోరా గారి అసలు అభియోగం ఆధారం లేదన్నది ఒక్కటే కాదు. దేవుడి మీద నమ్మకం మనిషిని తలరాతకు బానిసను చేస్తుందని, అంటరానితనాన్ని భరించేలా చేస్తుందని ఆయన అన్నారు. దీనికి పుస్తకాల్లో జవాబు దొరకదు. మన మస్జిద్ వరుసలో కూలీ పక్కన దుకాణదారు నిలబడడం ఒక జవాబు. వరుస దాటి బయటకు వచ్చాక కూడా ఆ సమానత్వం ఉంటే పూర్తి జవాబు. పెళ్లి సంబంధాల్లో, కట్నం బేరాల్లో, తండాల్లోని వారిని పలకరించే తీరులో అది లేకపోతే, ఆ అభియోగానికి మనమే బలం ఇస్తున్నట్టు.

కాబట్టి ఆధారం కనిపించలేదన్నంత మాత్రాన దేవుడు లేడని తేలదు. కనిపించి తీరవలసిన గుర్తు ఏదో చెప్పి, అది లేదని చూపినప్పుడే ఆ వాదానికి బలం వస్తుంది. అలాంటి వాదాలు కొన్ని ఉన్నాయి, వాటికి ఓపికగా జవాబు చెప్పాలి. ఆయన ఉన్నాడని మేము నమ్ముతున్నాము. సూచనలను చూసి, పెద్దల సాక్ష్యం విని, ప్రార్థనలో దొరికిన శాంతిని బట్టి నమ్ముతున్నాము. నమ్మలేకపోతున్న పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు అన్నం పెట్టి, పక్కన కూర్చుని, వారు చెప్పేది చివరిదాకా వినమని ప్రతి తల్లినీ తండ్రినీ కోరుతున్నాము.

అల్లాహ్ మనకు వినే ఓర్పును, నిజం పలికే ధైర్యాన్ని, ఇచ్చిన సొమ్ముకు లెక్క చెప్పే నిజాయితీని ప్రసాదించుగాక! మన పిల్లల హృదయాలకు వెలుగు చూపుగాక! ఆమీన్.